పండిత రమాబాయి – శారదా సదనము

స్త్రీకి దేవభాష నేర్పుట దోషమని లోకము తలచుచున్న కాలమున అనంతశాస్త్రి డోంగ్రే అను మహారాష్ట్ర పండితుడు తన భార్య లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పెను. పెద్దలు ఆక్షేపింపగా ఆయన చదువును వీడక ఊరినే వీడి, పశ్చిమ కనుమల అడవిలో నివాస మేర్పఱచుకొనెను. అచ్చట 1858 ఏప్రిల్ 23వ తేదీన రమాబాయి జన్మించెను. తెల్లవాఱకమునుపే తల్లి ఆమెను లేపి శ్లోకములు వల్లె వేయించెడిది. చిన్నతనముననే భాగవతము ఆమెకు కంఠస్థమయ్యెను.

ఆ కుటుంబము క్షేత్రములు తిరుగుచు పురాణము చెప్పి జీవించెను. 1874 ప్రాంతమున దక్షిణదేశమున కరవు వచ్చినపుడు వారు మన తిరుపతి ప్రాంతపు అడవులలో ఆకులలములు తిని దినములు గడపిరి. కొలది నెలలలో తల్లి, తండ్రి, అక్క గతించిరి. మిగిలిన అన్నతో రమాబాయి కాలినడకను ఉత్తరదేశమునకు పోయెను. 1878లో కలకత్తా పండితులు ఆమె విద్యను పరీక్షించి ‘పండిత’, ‘సరస్వతి’ బిరుదము లొసంగిరి. 1880లో అన్న మరణించెను. ఆ యేడే ఆమె బిపిన్ బిహారీ మేధావి అను వంగదేశపు న్యాయవాదిని వివాహమాడెను. 1882లో ఆయన విషూచికచే మరణించెను. పసిబిడ్డ మనోరమ మాత్రము చేతిలో మిగిలెను. ఆకలియు, వైధవ్యమును ఆమె గ్రంథములలో చదివి తెలిసికొన్నవి కావు.

1883లో ఇంగ్లండునకు పోయి, అచ్చట క్రైస్తవమతము స్వీకరించెను. పిదప అమెరికాలో హిందూ వితంతువుల దుఃస్థితినిగూర్చి గ్రంథము రచించి ప్రకటింపగా, బోస్టను నగరమున ఒక సంఘ మేర్పడి పదియేండ్లు ధనసహాయము చేయ నంగీకరించెను. ఆ బలముతో 1889 మార్చి 11వ తేదీన బొంబాయిలో శారదా సదనమను బడి తెఱచెను. ఆనాడు విద్యార్థినులు ఇద్దరే. వారిలో గోదూబాయి అను బాలవితంతువు తరువాత ధోండో కేశవ కార్వే గారి అర్ధాంగి యయ్యెను. బాలికలు తమ ఆచారము ననుసరించి వండుకొనుటకును, పూజించుకొనుటకును ఆ బడిలో అడ్డులేదు.

1890లో బడి పుణెకు మాఱెను. 1893లో పెద్ద గాలివాన లేచెను. రమాబాయి తన ప్రార్థన చేసికొనునపుడు తలుపు మూసెడిది కాదు. కొందఱు బాలికలు వచ్చి కూర్చుండసాగిరి. మతము జోలికి పోమన్న మాట నమ్మి పిల్లలను పంపినవారు కలవరపడిరి. రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహా సంఘమునుండి తొలగిరి. పాతికమందికి పైగా బాలికలను ఇండ్లకు కొనిపోయిరి. తలిదండ్రుల భయము నిష్కారణము కాదు. తన ఇంట తన దైవమును దాచి కొలువజాలనన్న ఆమె మాటయు త్రోసివేయదగినది కాదు. కాని నష్టపోయినవారు మాత్రము ఆ బాలికలే. పుస్తకము విడిచి మఱల వంటింటి చీకటిమూలకు చేరినవారు వారే.

బడి కూలిపోవునని పలువురు తలచిరి. 1896-97లో మధ్యపరగణాలలో కరవు రాగా, తిరుపతి అడవులలో ఆకలి నెఱిగిన ఆమె స్వయముగా పోయి దాదాపు 300 మంది స్త్రీలను, బాలికలను తీసికొనివచ్చెను. బడి పోషణకై పండ్లతోట వేయించుటకు కేడ్గాఁవ్ గ్రామమున ముందే కొన్న భూమి వారికి ఆశ్రయమయ్యెను. దానికే ముక్తి సదనమని పేరు. బోస్టను సంఘము వాగ్దానము చేసిన పదియేండ్లు ముగిసినను, ఆమె ఏ మిషనుకును లోబడలేదు. చదువుతో పాటు సేద్యము, నేత, కుట్టు, అచ్చుపని నేర్పించెను. 1900 నాటికి అచ్చట 1,500 మంది జనమును, నూటికి పైగా పశువులును ఉండెను.

తుదిదినములలో ఆమె హీబ్రూ, గ్రీకు భాషలు అభ్యసించి బైబిలును సులభమైన మరాఠీలోనికి అనువదించెను. ముద్రణము ఆ సదనపు స్త్రీల చేతిమీదుగనే జరిగెను. 1921లో కుమార్తె మనోరమ మరణించెను. 1922 ఏప్రిల్ 5వ తేదీన రమాబాయి కన్నుమూసెను. కేడ్గాఁవ్ లోని ఆ సంస్థ నేటికిని నిలిచియున్నది.

ఆమె మతము మనలో కొందఱికి సమ్మతము కావచ్చును, కొందఱికి కాకపోవచ్చును. కాని అడవిలో ఒక ఇల్లాలికి భర్త చెప్పిన చదువు, ఒక్క తరము గడచునప్పటికి వందలమంది అనాథలకు అన్నమును, అక్షరమును అయినదను లెక్కలో భేదాభిప్రాయమునకు తావులేదు. ఈ రజతోత్సవవేళ మన గ్రంథాలయపు చందాదారుల చిట్టా తెఱచి, అందు స్త్రీల పేర్లు ఎన్నియున్నవో ఒక్కమాఱు లెక్కించి చూతము.