కీర్తిశేషులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు

మెదడున కంతి పుట్టిన రోగిని నేడు వైద్యులు ఎం. ఆర్. ఐ. యంత్రమున పరుండబెట్టి పరీక్షింతురు. ఆ పిమ్మట ఇచ్చు మందులలో ముఖ్యమైన యొకటి మన గోదావరిసీమలో బుట్టిన మహనీయుని కృషిఫలము. ఆయన చరిత్రమును, పరీక్షలో తప్పి చింతించు విద్యార్థులును వారి తలిదండ్రులును తప్పక చదువవలెనని మా కోరిక.

సుబ్బారావుగారు 1895 సం॥ జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. పదుమూడవయేట, కాశికి బోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనమార్జింపవలెనని యిల్లు విడువగా, తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించి మరల బడికి బంపిరి. వారు రాజమహేంద్రవరమున చదివిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవమారు చెన్నపట్టణమున కృతార్థులైరి. అచటి వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని యాగ్రహమునకు గురియై, తక్కువదియగు ఎల్. ఎం. ఎస్. పట్టమును మాత్రమే పొందిరి. ఇంతలో స్ప్రూ యనెడి గ్రహణివ్యాధి సోదరుడు పురుషోత్తముగారిని బలిగొనెను. కొలదినాళ్లకే మఱియొక సోదరుడును గతించెను.

మామగారి సాయముతోను, కాకినాడ ధర్మసంస్థ యొకటి యిచ్చిన మాటతోను 1922లో అమెరికా చేరిరి. బోస్టనునగరమున రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేయుచు, హార్వర్డున పరిశోధన సాగించిరి. 1927లో ఫిస్కేగారితో గూడి, కండరములకు శక్తి నిచ్చు ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును ప్రకటించిరి. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు మారిరి. అచట వారును సహచరులును 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. స్ప్రూవ్యాధివలని రక్తహీనతను మాన్పునది యదియే. కాని సోదరులు పోయి అప్పటికే రెండు పదుల యేండ్లు దాటెను!

ఫోలిక్ ఆమ్లము లేనిదే కణములు వృద్ధిజెందవు. కావున దానివలె నుండి దాని పనిని అడ్డగించు మందులను చేసిరి. వానిలో నొకటి మెథోట్రెక్సేటు. 1948 ఆగష్టులో, ఏబదిమూడవయేట, స్వదేశమును మరల చూడకయే సుబ్బారావుగారు నిద్రలో పరమపదించిరి.

మెదడునందలి సన్నని రక్తనాళముల గోడలు కడు గట్టివి. మెథోట్రెక్సేటు వానిని సులభముగ దాటజాలదు. అందుచే మెదడున బుట్టు లింఫోమా యను కంతికి దానిని మిక్కిలి పెద్ద మోతాదున రక్తనాళములోని కెక్కింతురు. అయితే ఆ కంతి లింఫోమాయో, గ్లయోబ్లాస్టోమా యను వేరొకటియో ముందు తెలియవలెను గదా! ఇందులకు గడోలినియము అను లోహముగల మందును చేతినాళము గుండ వేగముగ నెక్కించి, ఒకటి రెండు సెకనుల కొకటి చొప్పున చిత్రములు దీయుదురు. మందు సాగిపోవుచోట చిత్రము క్షణకాలము మసకబారి మరల తేరుకొనును. ధవళేశ్వరమువద్ద కాలువనీటిలో రంగు కలిపినచో, అది ఏ పిల్లకాలువకు ఎప్పుడు, ఎంత చేరెనో చూచి, ఏ పొలమునకు నీరెంత పారుచున్నదో చెప్పవచ్చును. ఇదియు నట్టిదే. గ్లయోబ్లాస్టోమా క్రొత్తనాళములను విస్తారముగ పెంచుకొనును గావున నెత్తురు హెచ్చుగ గనబడును. లింఫోమాయందు సాధారణముగ అంతకంటె తక్కువ. చికిత్స పిదప కనబడు మచ్చ, కంతి మరల పెరుగుటయో, చికిత్సచే చచ్చిన భాగమో తెలిసికొనుటకును ఈ పరీక్ష తోడ్పడును. అయినను తుదితీర్పు చిత్రముదే కాదు. తరచుగ చిన్నముక్కను దీసి సూక్ష్మదర్శినితో చూడవలసియుండును. మూత్రపిండములు చెడినవారికి గడోలినియము నిచ్చుటలో జాగరూకత వలయును.

సుబ్బారావుగారి కాలమున ఈ యంత్రము లేదు. తమ మందు మెదడున నేమి చేయునో వారు కన్నులార చూడలేదు. చూడకయే పనిచేసిరి. తలిదండ్రులారా, మీ బిడ్డ రెండుమార్లు తప్పినచో, వెంకమ్మగారిని తలచుకొని మూడవమారు బడికి బంపుడు.