విసుగును జయించిన ఛాయాచిత్రకారుడు ఎడ్వర్డ్ వెస్టన్

ఛాయాచిత్రకళను జీవనోపాధిగా స్వీకరించిన వారికి ఏదో ఒక దశలో విసుగు తప్పదు. ముహూర్తాల కాలమంతా పెళ్లిపందిళ్లలో అవే భంగిమలు, అవే నవ్వులు. తక్కిన కాలమంతా స్టూడియోలో పాస్‌పోర్టు సైజు ముఖాలు. తొలినాళ్లలో కెమెరా చేతికి రాగానే పులకించిన మనసు, కొన్నేళ్లకు దానిని భుజాన తగిలించుకోవడానికే బద్ధకిస్తుంది. చేతులు పని చేస్తూనే ఉంటాయి, కన్ను మాత్రం చూడడం మానేస్తుంది. ఇది సోమరుల రోగం కాదు. పని మీద ప్రేమ ఉన్నవారినే ఇది ఎక్కువగా బాధిస్తుంది.

ఇరవయ్యవ శతాబ్దపు ఛాయాచిత్రకారులలో అగ్రగణ్యుడైన ఎడ్వర్డ్ వెస్టన్ ఈ నిస్పృహను దాదాపు జీవితమంతా అనుభవించారు. పొట్టకూటి కోసం తీసే చిత్రాలు ఆయనను ఎన్నడూ పూర్తిగా వదలలేదు. అయినా ఆ సంకెళ్ల నడుమనే తన చూపును కాపాడుకున్నారు. అది ఎలా సాధ్యమైందో తెలుసుకోవడం కెమెరా పట్టిన వారికే గాక, ఏ వృత్తిలోనైనా అలసిపోయిన వారికి ప్రయోజనకరం.

బాల్యం, తొలి కెమెరా

వెస్టన్ 1886 మార్చి 24న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, హైలండ్ పార్క్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి వైద్యుడు. అయిదేళ్ల ప్రాయంలోనే తల్లిని పోగొట్టుకున్న ఆ బాలుని, తనకంటె తొమ్మిదేళ్లు పెద్దదైన అక్క మేరీ పెంచి పెద్దచేసింది. బడిచదువు మీద ఆయనకు ఆసక్తి కుదరలేదు. 1902లో, పదహారవ పుట్టినరోజు కానుకగా తండ్రి ఒక కొడాక్ పెట్టె కెమెరాను ఇచ్చారు. షికాగో ఉద్యానవనాలలోను, పిన్నిగారి పొలంలోను తీసిన చిత్రాలతో ఆయన జీవితానికి దారి ఏర్పడింది.

1906లో అక్క నివసిస్తున్న కాలిఫోర్నియాకు చేరుకున్నారు. కొంతకాలం రైలుమార్గపు సర్వే పనిలో కుదురుకున్నా, అది నచ్చక కెమెరా భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగారు. పసిపిల్లలు, పెంపుడు జంతువులు, అంత్యక్రియలు, ఏది తీయమంటే అది తీశారు. 1908లో ఇల్లినాయ్‌లోని ఒక ఛాయాచిత్ర కళాశాలలో చేరి, కోర్సును గడువుకు ముందే, ఆరు నెలలలో ముగించారు. పూర్తి కాలానికి రుసుము చెల్లిస్తేనే పట్టా ఇస్తామని వారన్నారు. ఆయన చెల్లించలేదు, పట్టా తీసుకోలేదు.

1909లో ఫ్లోరా చాండ్లర్ అనే ఉపాధ్యాయినిని వివాహమాడారు. వారికి నలుగురు కుమారులు కలిగారు. ఇతరుల స్టూడియోలలో పనిచేసి మెళకువలు నేర్చిన పిదప, 1911లో లాస్ ఏంజిలిస్ సమీపాన ట్రోపికోలో సొంత స్టూడియో తెరిచారు. నేడు ఆ ప్రాంతం గ్లెండేల్ నగరంలో భాగం.

పెన్సిలు ముల్లు

ఆనాటి స్టూడియోలలో ముఖ్యమైన పని చిత్రం తీయడం కాదు, తీసిన తరువాత దానిని దిద్దడం. మన పట్టణాలలోని పాత స్టూడియోల వారు దీనిని టచింగ్ అనేవారు. ముఖంలోని ముడతలు, మచ్చలు నెగెటివ్‌లో పలుచని గీతలుగా కనిపిస్తాయి. వాటిని సన్నగా చెక్కిన పెన్సిలుతో పూడిస్తే, కాగితంపై అచ్చు పడినప్పుడు చర్మం నునుపుగా వస్తుంది. అరవయ్యేళ్ల వనిత నలభై ఏళ్లదిగా మారుతుంది. కొనుగోలుదారు సంతోషిస్తాడు, డబ్బు చేతికి వస్తుంది.

వెస్టన్ ఈ పనిలో నేర్పరి. ఆ నేర్పే ఆయనకు ముల్లయింది. కెమెరా నిజంగా చూసినదానిని తన చేతులతో తానే చెరిపివేయవలసి రావడం ఆయనను లోలోపల తొలిచింది. అప్పటికి ఆయన పేరు లేనివారు కారు. మంచు కప్పినట్టు మెత్తగా, చిత్రలేఖనాన్ని అనుకరించే ఆనాటి శైలిలో ఆయన సిద్ధహస్తులు. ప్రదర్శనలలో బహుమతులు వచ్చాయి. 1917లో లండన్ ఛాయాచిత్ర సలోన్ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. బయట గౌరవం పెరుగుతూ ఉండగా లోపల తృప్తి తరుగుతూ వచ్చింది. మెప్పు తెచ్చిన శైలి మీదనే ఆయనకు నమ్మకం సడలింది.

ఉక్కు పొగగొట్టాలు

1922లో ఒహాయో రాష్ట్రంలో ఉంటున్న అక్కను చూడబోయారు. ఆమె ఊరు మిడిల్‌టౌన్‌లో ఆర్మ్‌కో ఉక్కు కర్మాగారం ఉంది. ఆకాశంలోకి లేచిన దాని పొగగొట్టాలను ఏ మెత్తదనమూ అద్దకుండా, ఉన్నవి ఉన్నట్టు తీశారు. వాటిని మృదువుగా దిద్దమని అడిగేవారెవరూ అక్కడ లేరు. స్టూడియో నీడలలో మందగించిన చూపు ఆ ఎండలో పదునెక్కింది. అక్కడినుండి న్యూయార్క్ వెళ్లి ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌ను కలుసుకున్నారు. అమెరికాలో ఛాయాచిత్రానికి కళగా గౌరవం సంపాదించి పెట్టిన ఆ పెద్ద, వెస్టన్ చిత్రాలలో కొన్నింటిని మెచ్చి, కొన్నింటిని నిర్మొహమాటంగా విమర్శించారు. తిరిగి వచ్చిన వెస్టన్‌కు పాత పని మరింత దుర్భరమైంది.

మెక్సికో ప్రవాసం

1923 జులై చివరలో స్టూడియోను, సంసారాన్ని వెనుక విడిచి మెక్సికోకు ఓడ ఎక్కారు. వెంట పెద్ద కుమారుడు చాండ్లర్, సహచరి టీనా మొదొత్తి ఉన్నారు. మెక్సికోలో స్టూడియో నిర్వహణ, ఇంటి వ్యవహారాలు ఆమె చూసేటట్లు, బదులుగా ఆయన ఆమెకు ఛాయాచిత్రకళ నేర్పేటట్లు ఒప్పందం. తరువాత ఆమె కూడా గొప్ప ఛాయాచిత్రకారిణి అయింది. తక్కిన ముగ్గురు పిల్లలు తల్లి వద్దనే ఉండిపోయారు. ఒక కళాకారుని విముక్తికి ఇంట్లో మరొకరు వెల చెల్లించారన్న సత్యాన్ని దాచనక్కరలేదు. ఫ్లోరా ఉపాధ్యాయినిగా కుటుంబాన్ని నిలబెట్టింది.

మెక్సికోలో దియేగో రివేరా వంటి చిత్రకారుల ఆదరణ లభించింది. ఎర్రని ఎండలో, చేతిలో పట్టుకునే గ్రాఫ్లెక్స్ కెమెరాతో మిత్రుల ముఖాలను దగ్గరగా తీశారు. పిరమిడ్లు, మేఘాలు, మట్టిబొమ్మలు ఆయన కంటబడ్డాయి. అయినా విసుగు ఆయనను వెన్నంటే వచ్చింది. అక్కడ కూడా ఇల్లు గడవడానికి ధనికుల ముఖచిత్రాలే ఆధారం. వారికీ ముడతలు పనికిరావు. దేశం మారినా పెన్సిలు మారలేదు.

ఈ ఘట్టం గమనింపదగినది. అలసిన మనసుకు దూరప్రయాణమే మందు అని చాలామంది భావిస్తారు. వెస్టన్‌కు ప్రయాణం మేలు చేసింది గాని, రోగాన్ని కుదర్చలేదు. కుదిర్చినది మరొకటి. 1925లో ఆయన తాను అద్దెకున్న ఇంటి మరుగుదొడ్డిలోని తెల్లని పింగాణీ తొట్టిని దినాల తరబడి పరిశీలించి చిత్రించారు. మిత్రులు నవ్వుకున్నారు. రోజూ చూసి చూడని ఆ వస్తువులో శిల్పానికి తీసిపోని వంపులు ఆయనకు గోచరించాయి. చూడవలసినది దూరదేశాలలోనే ఉండనక్కరలేదన్న ఎరుక అక్కడ గట్టిపడింది. 1926 చివరలో ఆయన మెక్సికోను విడిచి స్వదేశం చేరారు.

వంటింటి మిరపకాయ

1927లో హెన్రీయెటా షోర్ అనే చిత్రకారిణి ఇంట శంఖాల చిత్తరువులు చూసి, వెస్టన్ సముద్రపు గవ్వలను, శంఖాలను చిత్రించడం ఆరంభించారు. వెలుతురు మందగించిన గదిలో ఒక్కొక్క చిత్రానికి కొన్నిసార్లు గంటల తరబడి వెలుగు సోకనీయవలసి వచ్చేది. ఆ సేపు ఎవరు అడుగు గట్టిగా వేసినా శ్రమ వ్యర్థం.

1929లో కాలిఫోర్నియా తీరాన కార్మెల్‌లో స్టూడియో పెట్టారు. పగలంతా ముఖచిత్రాల బేరం. మిగిలిన వేళలో కూరగాయల బుట్ట. మనం బెంగళూరు మిరపకాయ అని పిలిచే కాయను ఆయన ఎన్నోసార్లు ఎన్నో విధాల చిత్రించారు. 1930 ఆగస్టు తొలిదినాలలో నాలుగు రోజుల వ్యవధిలో కనీసం ముప్పై నెగెటివులు కేవలం మిరపకాయలవే. బట్ట వెనుక పెట్టి చూశారు, తెల్లని అట్ట పెట్టి చూశారు, తృప్తి కలగలేదు. చివరకు ఒక రేకు గరాటును అడ్డంగా పడుకోబెట్టి, దాని నోటిలో కాయను నిలిపారు. గరాటు లోపలి వంపు నుండి పరావర్తనం చెందిన కాంతి కాయను నలువైపులా తడిమింది. అలా పుట్టినదే మిరపకాయ 30వ సంఖ్య అనే విశ్వవిఖ్యాత చిత్రం. వంగిన వీపులా, బిగిసిన కండరంలా కనిపించినా అది మిరపకాయే. తరువాత దానిని కూరగాయగానే భుజించారు.

స్టూడియోలో విసుగు పుట్టించినది కూడా పునరుక్తే. మిరపకాయను ముప్పైసార్లు తీయడం కూడా పునరుక్తే. మరి ఒకటి మనసును చంపగా మరొకటి ఎలా బ్రతికించింది? స్టూడియోలో ముఖాలు మారేవి, చూసే తీరు మారేది కాదు. వచ్చినవారందరినీ ఒకే అందానికి కుదించడమే అక్కడి పని. మిరపకాయ దగ్గర వస్తువు మారలేదు, చూపు ప్రతిసారీ మారింది. విసుగుకు మూలం ఒకే వస్తువు కాదు, ఒకే చూపు అని ఆయన జీవితం తెలుపుతుంది.

ప్రత్యూషాన ఒక గంట

ఈ కాలమంతా ఆయన పాటించిన నియమం మరొకటి ఉంది. తెల్లవారక ముందే లేచి, కాఫీ తాగుతూ, ఇల్లు మేలుకునే లోపల దినచర్య రాసుకునేవారు. అప్పులు, బేరాలు, ముఖచిత్రాల మీద ఏవగింపు, కొత్త చిత్రాల మీద ఉత్సాహం అన్నీ అందులో చేరేవి. మెక్సికోకు పూర్వపు పుటలను ఆయనే నాశనం చేశారు. మిగిలినవి ఆయన మరణానంతరం 1961లోను, 1966లోను రెండు సంపుటాలుగా వెలువడ్డాయి. దినమంతా ఇతరులకు అమ్ముకునే మనిషి, ఆ దినపు తొలి గంటను తనకై దాచుకున్నారన్నమాట.

క్రమంగా ఆయన బేరంలోకి కూడా నిజాయితీ తెచ్చారు. దిద్దని ముఖచిత్రాలు మాత్రమే తీయబడునని స్టూడియోకు పలక తగిలించారు. కొందరు వెనుదిరిగారు, మరికొందరు అందుకే వచ్చారు. 1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఇమోజెన్ కనింగ్‌హామ్ ప్రభృతులతో కలిసి ఎఫ్/64 అనే బృందాన్ని నెలకొల్పారు. కెమెరా లెన్స్ ద్వారాన్ని అతి చిన్నదిగా చేసే అంకె అది. దానితో దగ్గరి గడ్డిపోచ మొదలు దూరపు కొండ వరకు సమస్తం స్పష్టంగా వస్తుంది. ఆయన 8/10 అంగుళాల పెద్ద నెగెటివులను పెంచకుండా, అదే పరిమాణంలో కాగితంపై అచ్చొత్తేవారు. కాబట్టి చిత్రం ఎలా ఉండాలో మీట నొక్కక ముందే నిశ్చయించుకోవాలి. తొందరకు అక్కడ తావు లేదు.

దారి పొడవునా

1937లో గుగ్గెన్‌హైమ్ సంస్థ ఆయనకు 2000 డాలర్ల వృత్తి సహాయాన్ని ప్రకటించింది. ఛాయాచిత్రకారునికి ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. ఏభై ఏళ్లు దాటిన తరువాత, ఎవరి ముఖాన్నీ దిద్దే పని లేకుండా చిత్రాలు తీసే అవకాశం అప్పుడు లభించింది. సహచరి కారిస్ విల్సన్ కారు నడపగా పడమటి రాష్ట్రాలలో తిరిగారు. మరుసటి ఏడు ఆ సహాయాన్ని మళ్లీ ఇచ్చారు. మొదటి ఏడాది 187 రోజుల ప్రయాణంలో పదహారువేల మైళ్లకు పైగా తిరిగి, తీసినవి సుమారు 1260 నెగెటివులు. అంటే సగటున రోజుకు ఏడు. నేడు ఒక పెళ్లిలో ఒక పూటకే అంతకు మించి తీస్తున్నాము. అలసటకు ఒక కారణం అక్కడే ఉన్నదేమో చిత్రకారులు ఆలోచించుకోవాలి. 1939లో వారిద్దరూ వివాహం చేసుకున్నారు. 1940లో ఆ యాత్రా చిత్రాలు కాలిఫోర్నియా అండ్ ది వెస్ట్ అన్న గ్రంథంగా వచ్చాయి.

వణికే చేతులు

1946లో న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాల ఆయన జీవితకాలపు చిత్రాలతో పెద్ద ప్రదర్శన నిర్వహించింది. ఆ సంవత్సరమే కారిస్‌తో దాంపత్యం ముగిసింది. అప్పటికే పార్కిన్సన్ వ్యాధి శరీరాన్ని ఆక్రమించుకుంటోంది. విసుగు తీసుకోలేకపోయిన కెమెరాను వ్యాధి చేతినుండి తీసుకుంది. 1948లో, కార్మెల్ చెంతనే ఉన్న పాయింట్ లోబోస్ తీరంలో, తాను ఇరవై ఏళ్లుగా చిత్రిస్తూ వచ్చిన ఆ రాళ్ల మధ్యనే చివరి చిత్రం తీశారు. గులకరాళ్లు, బండలు. అంతే.

ఆ తరువాత పదేళ్లు ఆయన కన్ను పనిచేసింది, చేతులు కుమారులవి. తండ్రి పర్యవేక్షణలో బ్రెట్ వెస్టన్ ఎనిమిది వందలకు పైగా ఎంపిక చేసిన నెగెటివులకు ఎనిమిదేసి ప్రతులు తీశారు. 1958 జనవరి 1న వెస్టన్ తన ఇంటనే కన్నుమూశారు. చితాభస్మాన్ని పాయింట్ లోబోస్ సముద్రతీరాన కలిపారు. ఆ తీరానికి తరువాత వెస్టన్ పేరే పెట్టారు.

ఆస్తి ఆయనకు మిగలలేదు. మిగిలినవి చిత్రాలు. వాటిని గమనిస్తే విసుగుకు ఆయన కనుగొన్న చికిత్స స్పష్టమవుతుంది. కొత్త కెమెరా కొనలేదు, లోకాన్ని జయించే సంకల్పాలు చేయలేదు. ఉపాధిని, సాధనను వేరు చేసి, సాధనకు దినంలో ఒక గంటనైనా దక్కించారు. తన పనిలో అబద్ధమని తోచినదానిని ఒక్కొక్కటిగా తీసివేశారు. దగ్గరలో ఉన్న ఒకే వస్తువు వద్ద ఓపికగా నిలబడ్డారు. కన్ను అలసినదని తోచిన సోదరులు ఈ ఆదివారం బేరాలు లేని వేళ చూసి, వంటింటి బుట్టలోని ఒక కాయను కిటికీ వెలుతురులో నిలిపి, ముప్పైసార్లు చూడగలిగితే, వెస్టన్‌కు అంతకు మించిన నివాళి ఉండదు.