జార్జి ఆర్వెల్

కథలలో నాయకుడు అడ్డంకులన్నిటిని దాటి గెలుచుట మనకు అలవాటు. నాయకుడు ఓడిపోవు నవలను వ్రాయుటకై, తాను మాత్రము ఏ అడ్డంకికిని లొంగని రచయిత ఒకడు కలడు. ఆయనయే జార్జి ఆర్వెల్.

అది కలముపేరు. అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903 జూన్ 25వ తేదీన, నేటి బీహారులోని మోతీహారిలో జన్మించెను. తండ్రి అచ్చట నల్లమందు శాఖలో ఉద్యోగి. మరుసటి యేడు తల్లి బిడ్డను ఇంగ్లండునకు తీసికొనిపోయెను. కలిమి గల కుటుంబము కాదు గనుక, ఆయన విద్యార్థి వేతనముతో ఈటన్ పాఠశాలలో చదివెను. 1922లో బర్మాలో పోలీసు ఉద్యోగమున చేరెను. పరజాతిని అణచు పాలనకు తోడ్పడుట సహింపక 1927లో దానిని వదలుకొనెను.

పిమ్మట పేదరికము. పారిసు హోటలులో పాత్రలు కడిగెను; ఇంగ్లండులో ఇల్లు వాకిలి లేని వారితో కలసి తిరిగెను. ఆ అనుభవములను వ్రాయగా ప్రచురణకర్తలు త్రిప్పి పంపిరి. తుదకు 1933లో ఆ పుస్తకము వెలువడెను. 1937లో స్పెయిను అంతర్యుద్ధమున తుపాకిగుండు ఆయన కంఠమునుండి దూసికొనిపోయెను. 1944లో లండనులోని ఆయన ఇల్లు బాంబుదాడిలో కూలగా, ‘యానిమల్ ఫారమ్’ వ్రాతప్రతిని శిథిలములనుండి వెలికి తీసెను. దానిని కూడ పలువురు నిరాకరించిరి. 1945 ఆగస్టులో అది అచ్చయి కీర్తి తెచ్చెను. కాని దానిని చూచుటకు భార్య లేదు. ఆమె ఆ మార్చిలోనే శస్త్రచికిత్స వేళ మరణించెను.

1946లో ఆయన స్కాట్లాండునకు చెందిన జూరా ద్వీపమున, విద్యుద్దీపములు లేని ఇంట మరియొక నవలకు పూనుకొనెను. క్షయ ముదిరి, 1947 డిసెంబరునుండి ఏడు నెలలు ఆసుపత్రిలో నుండవలసి వచ్చెను. అమెరికానుండి తెప్పించిన స్ట్రెప్టోమైసిన్ మందు ఆయన శరీరమునకు పడలేదు. తిరిగి వచ్చి, టైపు చేయువారు ఆ దూరద్వీపమునకు రాకపోగా, పడకపై కూర్చుండి తానే టైపు చేసి 1948 చివర ముగించెను. ‘నైన్‌టీన్ ఎయిటీ ఫోర్’ 1949 జూన్ 8న వెలువడెను. 1950 జనవరి 21న, నలువదియారేండ్ల వయసున, ఆయన కన్నుమూసెను.

ఆ నవలలోని రాజ్యమున పార్టీవారి ఇండ్లలో నొక తెర వారిని కనిపెట్టుచుండును. పాత పత్రికలను తిరుగవ్రాయుదురు. ఆలోచన నశించుటకై భాషనుండి ఏటేట మాటలను తీసివైతురు. విన్‌స్టన్ అను చిరుద్యోగి రహస్యముగా దినచర్య వ్రాసికొని ఆ రాజ్యము నెదిరించును. చిత్రహింసలకు లొంగి ఓడిపోవును. అతడు గెలిచియున్నచో మనము పుస్తకము మూసి నిశ్చింతగా నిద్రింతుము. ఓడిపోయెను గనుకనే, అట్టి రోజు రాకుండ మేలుకొని యుండవలెనని మనకు తోచును. రచయిత కోరినదియు నదియే.

విద్యార్థులారా, మన తెలుగు మాటలను తీసివైచుటకు అట్టి ప్రభుత్వ మక్కరలేదు. మన అశ్రద్ధయే చాలును. మీ అవ్వ నోట విని, అర్థము తెలియక విడిచిన మాట నొకదానిని నేడే అడిగి వ్రాసికొనుడు. విన్‌స్టన్ చాటుగా వ్రాసికొనవలసి వచ్చెను. మనకు ఆ భయము లేదు.