జూయెట్ దొరగారు

లైమన్ జూయెట్ దొరగారు 1813లో అమెరికాలో జన్మించి, 1849లో నెల్లూరు చేరిరి. ఫలము స్వల్పము, మిషనును మూసివేయుదుమా యని 1853లో ఆ దేశపు పెద్దలు తర్కించిరి. 1854 జనవరి 1వ తేదీ వేకువను ఆయనయు, దొరసానిగారును, జూలియమ్మ మొదలగు ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండ నెక్కి, ఆ పట్టణమునకు మిషనరీని పంపుమని కూడి ప్రార్థించిరి. ఆ కూటములో స్త్రీలును సమభాగినులై యుండుట మేము ప్రత్యేకముగ గమనించుచున్నాము.

పిమ్మట పండ్రెండేండ్లు! చదువునపుడు మనము దీనిని ఒక్క మాటలో దాటిపోదుము. వారు దినమొక్కటిగా గడపవలసి వచ్చెను. 1862లో మరల మూసివేత మాట రాగా, ఒంటరిగానైనను తిరిగి పోదునని జూయెట్ గారు పట్టుపట్టిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. 1897లో జూయెట్ గారు ప్రభువునందు నిద్రించిరి.