యోగక్షేమాలు ఎరిగిన ప్రభువు – ప్రోలయ వేమారెడ్డి

ఉత్తరం రాసినా, చుట్టాలు ఎదురైనా యోగక్షేమాలు విచారించడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఆ జంటపదంలో రెండు వేర్వేరు అర్థాలున్నాయని మీరెప్పుడైనా ఆలోచించారా? లేనిదాన్ని పొందడం యోగం. పొందినదాన్ని కాపాడుకోవడం క్షేమం. గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయంలో అనన్యభక్తుల యోగాన్నీ క్షేమాన్నీ తానే వహిస్తానని అభయమిచ్చాడు. శంకర భగవత్పాదులు ఆ శ్లోకానికి భాష్యం రాస్తూ ఈ రెంటినీ విడదీసి చూపించారు. భగవంతుడంతటివాడు రెండు భారాలుగా చెప్పాడంటే, మొదటిది చేతికి అందినంత మాత్రాన రెండవది దాని వెంట నడచిరాదని మనం గ్రహించాలి.

ధనం విషయంలో ఈ సంగతి అందరికీ అనుభవమే. ఒక జాతి స్వేచ్ఛ విషయంలో కూడా ఇది అంతే నిజం. దాదాపు ఏడువందల ఏళ్ల క్రితం తెలుగునేల తన స్వేచ్ఛను పోగొట్టుకుని, కొద్ది సంవత్సరాలలోనే తిరిగి సంపాదించుకుంది. సంపాదించినవారు పలువురు. దాన్ని నిలుపుకోవడానికి ఏమేమి కావాలో తెలిసి నడుచుకున్నవారు కొందరే. ఆ కొందరిలో అగ్రగణ్యుడు ప్రోలయ వేమారెడ్డి.

గుంటూరు నుంచి నడికుడి వెళ్లే రైలు మార్గంలో సత్తెనపల్లి దాటాక బెల్లంకొండ స్టేషను వస్తుంది. ఊరికి ఆ పేరిచ్చిన కొండపై పాత దుర్గపు గోడలు ఇప్పటికీ ఉన్నాయి. బిలాలున్న కొండ కనుక బిలంకొండ అనీ, అదే కాలక్రమంలో బెల్లంకొండ అయిందనీ పెద్దలు చెబుతారు. 2022 ఏప్రిల్ నుంచి ఈ ప్రాంతం పల్నాడు జిల్లాలో ఉంది. కోహినూరు దొరికిన చోటుగా లోకం చెప్పుకునే కొల్లూరు ఈ పరిసరాలదే. ఆ గనుల నేల నేడు పులిచింతల జలాశయం పాలయింది. ఆ వజ్రం ఎన్ని చేతులు మారి ఏ కిరీటంలో చేరిందో మన పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెప్పగలరు. ఈ కొండల నడుమ ఒక రాజ్యానికి పునాది వేసిన వేమారెడ్డిని గురించి అడిగితే మాత్రం తడుముకుంటారు. కొండవీటి రెడ్డి రాజ్యానికి బెల్లంకొండ, వినుకొండ, నాగార్జునకొండ వంటి గిరిదుర్గాలు కవచంలాంటివి. ఆ రాజ్యానికి మూలపురుషుడు వేముడే.

1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సేనల వశమైంది. కాకతి ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఢిల్లీకి తీసుకుపోతుండగా దారిలో నర్మదా తీరాన ఆయన తనువు చాలించాడు. ఆ తరువాత తెలుగుదేశం ఎంతటి దుర్దశ అనుభవించిందో కోనసీమలోని విలసలో దొరికిన తామ్రశాసనం కళ్లకు కట్టిస్తుంది. రైతు పండించిన పంట రైతుకు మిగలలేదు. విద్వాంసుల అగ్రహారాలు వారి చేజారిపోయాయి. దేవాలయాల్లో ధూపదీపాలు ఆగిపోయాయి. రాజు పోవడం ఒక విపత్తు. ఊరి గుడిలో సాయంత్రం దీపం పెట్టే చేయి లేకపోవడం అంతకన్నా లోతైన విపత్తు అని ఆ శాసనం చదివినవారికి తోచకమానదు.

ఆ చీకటిలో మొదట కత్తి పట్టి నిలిచినవాడు ముసునూరి ప్రోలయ నాయకుడు. గోదావరీ తీరాన రేకపల్లిని నెలవుగా చేసుకుని ఆయన చెదిరిన నాయకులను కూడగట్టాడు. ఆయన తరువాత కాపయ నాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లును విడిపించాడు. డెబ్బది అయిదుగురు నాయకులు కాపయను కొలిచారని 1423 నాటి కలువచేరు శాసనం పేర్కొంటుంది. ఇది యోగం. పోయినది చేతికి వచ్చింది. ఇక క్షేమం మాట చూడవలసి ఉంది.

వేమారెడ్డి ప్రోలయకు, అన్నమాంబకు కుమారుడు. 1325 ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న అద్దంకిని రాజధానిగా చేసుకుని ఆయన పాలన ప్రారంభించాడు. తమ్ముడు మల్లారెడ్డి ఆయనకు కుడిభుజం. తూర్పున మోటుపల్లి రేవును స్వాధీనపరచుకున్నవాడు ఈ మల్లారెడ్డే. పరాక్రమంలో అన్నదమ్ములిద్దరూ ఎవరికీ తీసిపోరు. సముద్రాన్ని ఆపోశన పట్టిన అగస్త్య మహర్షితో వేముని పోల్చే బిరుదు ఆనాడే ప్రసిద్ధి పొందింది. అయితే యుద్ధాలు గెలిచిన రాజులు మన చరిత్రకు కొదవ కాదు. గెలిచిన మరునాడు ఆయన ఏం చేశాడన్నదే మీరు గమనించవలసిన విషయం.

ఆయన ముందుగా అన్యాక్రాంతమైన అగ్రహారాలను తిరిగి విద్వాంసులకు ఇచ్చాడు. బ్రహ్మకుండి అని పురాణాలు పిలిచే గుండ్లకమ్మ తీరంలోనూ, కృష్ణాతీరంలోనూ ఆయన దానాలు సాగాయి. నేటి కాలపు చూపుతో అగ్రహారమంటే ఒక వర్గానికి ఇచ్చిన భూమి అని మాత్రమే మనం అనుకుంటాం. ఆనాడు అది పాఠశాల కూడా. వేదం, శాస్త్రం, వ్యాకరణం, జ్యోతిషం, వైద్యం అక్కడ నేర్పేవారు. గ్రంథాలకు ప్రతులు అక్కడే రాసుకునేవారు. కోటగోడ కూలితే మళ్లీ కట్టుకోవచ్చు. నేర్పే పరంపర ఒక తరం తెగిపోతే మళ్లీ అతుక్కోదు. పాలకునికి కోటకన్నా ముందు ఇది గుర్తుకు రావడం సామాన్యమైన సంగతి కాదు.

హేమాద్రి పండితుడు తన గ్రంథంలోని దానఖండంలో వివరించిన దానాలను వేమారెడ్డి శ్రద్ధగా ఆచరించాడని ప్రసిద్ధి. ఖజానా ఖాళీ అవుతుందన్న బెంగ ఆయనకు లేకపోలేదు, రాజుకు ఆ బెంగ ఉండి తీరాలి. ప్రజలు తమదనుకోని రాజ్యాన్ని ఏ సైన్యమూ ఎంతోకాలం కాయలేదని ఆయనకు ఓరుగల్లు పతనం నేర్పి ఉండాలి. తన ఊరి గుడికి మాన్యం తిరిగి వచ్చినవాడు, తన కొడుకు చదువుకునే చోటు తిరిగి దొరికినవాడు ఆ రాజ్యం కోసం నిలబడతాడు. దానం ఆయన దృష్టిలో పుణ్యకార్యం, అదే సమయంలో రక్షాబంధం.

ఇక మెట్ల మాట. వేమారెడ్డి శ్రీశైలంలోనూ అహోబలంలోనూ సోపానాలు కట్టించాడు. ఇది ఆయన కీర్తిలో అన్నింటికన్నా ప్రసిద్ధమైనది. ఆస్థానకవి తన కావ్యంలో దీన్ని ప్రస్తావించాడు కూడా. మీలో శ్రీశైలం వెళ్లనివారు అరుదు. మల్లన్న దర్శనానికి ముందు పాతాళగంగలో మునగాలని మన పెద్దల నియమం. పైన క్షేత్రం, కింద లోయలో కృష్ణమ్మ. దట్టమైన నల్లమల అడవిలో రాళ్లు పట్టుకుని దిగే ఆ దారి ఎంత కష్టమో ఒక్కసారి ఊహించండి. యువకులకైతే ఫర్వాలేదు. వృద్ధులు, చంటిబిడ్డల తల్లులు, కంటిచూపు మందగించినవారు ఏం కావాలి? దర్శనం బలవంతులకే దక్కే భాగ్యం కారాదు గదా. వేముడు అక్కడ మెట్లు వేయించాడు. అహోబలంలో నరసింహుని చేరే కొండదారికీ అలాగే మెట్లు వేయించాడు.

ఇందులో మరో విశేషం ఉంది. శ్రీశైలం శివక్షేత్రం, అహోబలం విష్ణుక్షేత్రం. వేమారెడ్డి పరమశివభక్తుడు. అయినా ఇద్దరి కొండలకూ ఒకే రకంగా దారి వేశాడు. ఆయన కొలువులోని కవి ఎఱ్ఱాప్రగడ కూడా అటువంటివాడే. శంభుదాసుడని పేరు పొందిన ఆ మహనీయుడు నృసింహపురాణం రచించి అహోబల నృసింహునికే అంకితమిచ్చాడు. శైవవైష్ణవ వైరం ఊళ్లను చీల్చగలిగిన కాలంలో రాజు, కవి ఇద్దరూ హరిహరులను ఒక్కరిగానే చూశారు. బయటి శత్రువుకు కోట గోడ అడ్డు. లోపలి కలహానికి అడ్డు ఇటువంటి నడవడి.

ఎఱ్ఱన సంగతి వచ్చింది కనుక మరికొంత చెప్పక తప్పదు. నన్నయ అరణ్యపర్వాన్ని సగంలో విడిచి పరమపదించాడు. తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టి చివరి వరకు పూర్తిచేశాడు. నడుమ ఉన్న కొరత అలాగే ఉండిపోయింది. ఆ శేషభాగాన్ని పూరించినవాడు ఎఱ్ఱన. పూరించి, తన పేరు పెట్టుకోకుండా నన్నయ రచించినట్టుగానే రాజరాజ నరేంద్రునికే అంకితంగా చెప్పాడు. తన ప్రభువు వేమారెడ్డికి ఆయన రామాయణాన్నీ హరివంశాన్నీ అంకితమిచ్చాడు. ఆ రామాయణం మనకు దక్కలేదు. హరివంశం దక్కింది. చేతికి వచ్చినదాన్ని నిలుపుకోలేకపోవడం ఎంత సులభమో ఆ రామాయణాన్ని తలచుకుంటే చాలు. వందేళ్లకు పైగా అసంపూర్ణంగా ఉన్న భారతం పూర్తయినది రెడ్డి రాజుల కాలపు నీడలోనే అన్నది మనకు ఊరట.

దుర్గాలను ఆయన నిర్లక్ష్యం చేశాడని అనుకోకండి. గిరిదుర్గం, వనదుర్గం, జలదుర్గం అని శాస్త్రం చెప్పిన రక్షణలన్నిటి విలువా ఆయన ఎరిగినవాడే. ఆయన కుమారుడు అనపోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి కొండవీటికి మార్చాడు. మైదానంకన్నా కొండ మేలని ఆ తరం గ్రహించింది. అనపోతారెడ్డి 1358లో మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు. తండ్రి యాత్రికునికి దారి వేస్తే, కొడుకు వర్తకునికి ధైర్యం ఇచ్చాడు. రెండూ ఒకే విత్తనానికి వచ్చిన మొలకలు.

ఓరుగల్లులో ఏం జరిగిందో కూడా చూద్దాం. 1347లో బహమనీ రాజ్యం పుట్టింది. కాపయ నాయకుడు ఆ కొత్త శక్తితో పోరి కొన్ని కోటలను వదులుకున్నాడు. చివరకు ఆయన ప్రాణం తీసినది పరాయివారు కారు. రేచర్ల నాయకులతో జరిగిన పోరులో భీమవరం దగ్గర ఆయన నేలకొరిగాడు. ఒకనాడు ఒక్క మాటగా నిలిచిన నాయకులు ఎవరి ఊరికి వారు, ఎవరి జెండాకు వారు అయ్యారు. యోగాన్ని సాధించిన చేతులే క్షేమాన్ని జారవిడిచాయి.

కొండవీటికి కూడా ఆ గతి తప్పలేదు. వేముని తరువాత మూడవ పాలకుడు కుమారగిరి కాలానికి రాజ్యం రెండుగా చీలింది. రాజమహేంద్రవరం ఆయన బావమరిది కాటయ వేముని పాలయింది. 1402లో కొండవీటిని పెదకోమటి వేమారెడ్డి అందుకున్నాడు. ఆయన గొప్ప పండితుడు, శ్రీనాథ మహాకవిని విద్యాధికారిగా నిలిపినవాడు. ఆయన రాణి సూరమాంబ సంతానసాగరమనే చెరువు తవ్వించింది. ఆ చెరువుకు నీరు తెచ్చే కాలువను కుమారుడు రాచవేముడు తవ్వించాడు. చూడండి, ఆ ఇంట ధర్మబుద్ధి ఇంకా ఎండిపోలేదు.

అయితే 1420లో గద్దెనెక్కిన ఆ రాచవేముడే పురిటి సుంకం విధించాడని కొండవీటి దండకవిలె చెబుతుంది. ఇంట బిడ్డ పుడితే రాజుకు పన్ను! చెరువుకు సంతానమని పేరు పెట్టిన వంశం సంతానం మీదే సుంకం వేసింది. సవరం ఎల్లయ అనే బంటు ఆ పన్ను కట్టడానికి నిరాకరించి రాజును పొడిచి చంపాడని ఆ కవిలె కథనం. 1424తో కొండవీటి రెడ్ల పాలన ముగిసింది. పరాయి సేన వచ్చి ముట్టడించేదాకా ఆగనవసరం లేకపోయింది. ఇచ్చే చేయిగా మొదలైన రాజ్యం లాక్కునే చేయిగా మారిన నాడే లోపలినుంచి కూలింది. శ్రీనాథుని వంటి కవిసార్వభౌముడు ఆశ్రయం కోసం ఊరూరా తిరగవలసి వచ్చింది.

ఆ తరువాత ఈ కొండలు విజయనగరానికీ, గజపతులకూ చేతులు మారాయి. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిపై దండెత్తి వస్తూ అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం దుర్గాలను పట్టుకున్నాడు. ఆ జాబితాలో వేముని తొలి రాజధాని అద్దంకి ఉంది, బెల్లంకొండ ఉంది. కోటలకు కృతజ్ఞత ఉండదు, తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వారివే అవి.

శ్రీశైలం, అహోబలం కొండలు కూడా వేముని వారసుల చేతిలో నిలవలేదు. అవీ విజయనగరం ఏలుబడిలోకి వెళ్లాయి. అయినా ఆ మెట్లను ఎవరూ పట్టుకోవలసిన పని పడలేదు. గెలిచినవాడు, ఓడినవాడు ఇద్దరూ వాటి మీదుగానే స్వామిని చేరారు. నేడు పాతాళగంగకు రోప్‌వే ఉంది, నిమిషాల్లో దిగి రావచ్చు. కార్తికంలోనూ శివరాత్రికీ మెట్లదారినే ఎంచుకునే భక్తులకు ఈనాటికీ లోటు లేదు. తడిబట్టలతో పైకి వస్తూ, మోకాళ్లు పట్టేసిన పెద్దలు సగం దారిలో ఒక మెట్టు మీద కాసేపు కూర్చుని, మల్లన్నను తలచుకుని మళ్లీ లేస్తారు.