పరదేశంలో తలుపు తెరిచిన కె.టి. పాల్

తరువాత దోర్నకల్ బిషప్పైన అజరయ్య గారితో కలిసి 1905లో సెరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించిన వారిలో ఒకరిగా కె.టి. పాల్ గారిని మన పెద్దలు ఎరుగుదురు. సేలంలో 1876లో పుట్టిన ఆయన భారతదేశ వై.ఎం.సి.ఎ.కు తొలి భారతీయ ప్రధాన కార్యదర్శి. లండన్‌లో ఆయన చేసిన పనిని మాత్రం మనం అంతగా తలచుకోము.

ఆ రోజుల్లో అక్కడ చదువుకోవడానికి వెళ్లిన మన యువకులకు రంగు చూసి గది లేదనే ఇళ్లే ఎక్కువ. (హైదరాబాదులో అద్దె గది కోసం తిరిగే ఆఫ్రికా విద్యార్థులు ఇక్కడ మనకు గుర్తుకు రావాలి.) 1909లో కర్జన్ వైలీ హత్య జరిగాక భారతీయ విద్యార్థులపై అనుమానం మరింత పెరిగింది. ప్రభుత్వం కల్పించిన వసతికి వెళ్తే నిఘా పెడతారని వారికి భయం.

పాల్ గారు 1920లో భారతీయ విద్యార్థుల సంఘాన్ని, హాస్టలును తెరిచారు. మొదటి చోటు, యుద్ధకాలంలో న్యూజిలాండ్ సైనికుల కోసం వేసిన షేక్‌స్పియర్ హట్. హిందువైనా ముస్లిమైనా అక్కడ చోటుండేది. క్రైస్తవ సంస్థే అయినా మతం అడిగి తలుపు తీయలేదు. మనకు ఇదే పెద్ద విషయంగా తోస్తుంది.

1931లో ఆయన ప్రభువునందు నిద్రించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబు దెబ్బ తిన్నా ఆ సేవ ఆగలేదు. ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌లోని ఇండియన్ వై.ఎం.సి.ఎ.లో నేటికీ మన పిల్లలు దిగుతున్నారు.