సోక్రటీసు చరిత్రము

సత్యము నిమిత్తమై ప్రాణములు విడిచిన మహాపురుషులు సకల దేశములందును గలరు. శాసనమును గౌరవించుచునే యధర్మమునకుఁ దలయొగ్గక తుదివఱకు నిలిచినవారు మాత్ర మరుదు. అట్టివారిలో గ్రీసు దేశమునందలి యేథెన్సు నగరవాసియగు సోక్రటీసు అగ్రగణ్యుఁడు.

ఆతఁడు క్రీ. పూ. 469 ప్రాంతమున జన్మించెను. తండ్రి సోఫ్రోనిస్కసు రాతిపనివాఁడని ప్రతీతి. తల్లి ఫెనరీటి మంత్రసాని. తల్లి శిశువులను వెలికిఁ దెచ్చినట్లు తాను పరుల మనస్సులనుండి భావములను వెలికిఁ దెచ్చుచున్నానని యాతఁడు చెప్పుకొనుచుండెనని శిష్యుఁడగు ప్లేటో వ్రాసెను. సోక్రటీసు స్వయముగా నొక్క గ్రంథమైనను రచింపలేదు. ప్లేటో, జెనొఫనులు వ్రాసినవే మనకు ముఖ్యాధారములు. పాదరక్షలు లేక, జీర్ణవస్త్రముతో అంగడివీథులఁ దిరుగుచు, కవులను, రాజకీయజ్ఞులను, చేతిపనివారిని నిలిపి, శౌర్య మననేమి, న్యాయ మననేమి, భక్తి యననేమి యని ప్రశ్నించుచుండెను. ఇందులకు వేతనము గొనలేదు. ఊరక మాటలాడువాఁడును గాఁడు. పొటిడియా, డీలియము, ఆంఫిపోలిసు యుద్ధములలోఁ బదాతియై పోరాడి, పొటిడియాయొద్ద గాయపడిన ఆల్సిబయడీసను యువకుని రక్షించెను.

బాల్యమునుండియుఁ దనలో నొక దివ్యవాణి వినఁబడుచున్నదని యాతఁడు నమ్మెను. అది యొక పనిని జేయుమని యెన్నఁడును బ్రేరేపింపదు. చేయరానిదానికిఁ బూనినప్పుడు వారించును. మన మంతరాత్మ ప్రబోధ మనుదానికి ఇది మిగుల సన్నిహితము. ఆ వాణికి లోఁబడినవానికిఁ బరీక్షలు తప్పవు గదా! ఆతనికి రెండు పరీక్షలు వచ్చెను.

క్రీ. పూ. 406లో ఆర్గినూసీ దీవులయొద్ద ఏథెన్సు నౌకాసైన్యము జయము గాంచెను. కాని తుపాను కారణమున మునిఁగిన యోడలలోని నావికులు రక్షింపఁబడరైరి. ప్రజలు క్రుద్ధులై యెనమండ్రు సేనానుల నందఱ నొక్కమాఱుగా విచారించి మరణదండన విధింపఁ గోరిరి. ఒక్కొక్కని వేఱువేఱుగా విచారింపవలెనని శాసనము. నాఁటి సభాధ్యక్షవర్గమున సోక్రటీసు ఒకఁడు. తక్కినవారు జనుల యార్పులకు వెఱచి లొంగిరి. ఆతఁడు శాసనవిరుద్ధమగు ప్రతిపాదనకు సమ్మతింపఁడయ్యెను. ఐనను సేనానులకు దండన విధింపఁబడెను. వారిలో నగరముననున్న యార్గురును జంపఁబడిరి. ప్రజలు పిమ్మటఁ బశ్చాత్తాపపడిరి.

క్రీ. పూ. 404లో యుద్ధమున నేథెన్సు ఓడిపోఁగా 30 మంది నిరంకుశులు ప్రభుత్వమును జేపట్టిరి. సలామిసు ద్వీపమునుండి లియోననువానిని జంపుటకై పట్టి తెమ్మని, మఱి నలువురితోఁ గూడ సోక్రటీసున కాజ్ఞయిడిరి. నలువురును బోయి వానిని దెచ్చిరి. సోక్రటీసు తిన్నగాఁ దన యింటికిఁ బోయెను. అధర్మమును గోరినది మొదట ప్రజాసమూహము, పిదప నిరంకుశులు. ఆతఁ డెవ్వరికిని లొంగలేదు.

క్రీ. పూ. 403లోఁ బ్రజాప్రభుత్వము మరల నేర్పడి, పూర్వపు రాజకీయాపరాధములకు క్షమ ప్రకటించెను. కాని నిరంకుశులలోఁ గ్రూరుఁడగు క్రిటియసును, శత్రుపక్షము చేరిన ఆల్సిబయడీసును ఒకప్పుడు సోక్రటీసు సహవాసులని జనులు మఱవలేదు. క్రీ. పూ. 399లో మెలిటసు, అనిటసు, లైకను అనువారు, ఇతఁడు నగరదేవతలను మన్నింపఁడనియుఁ, గ్రొత్త దైవములను దెచ్చుచున్నాఁడనియు, యువజనులను జెఱచుచున్నాఁడనియు నభియోగము మోపిరి. ఆచారమును బ్రశ్నించువారిపై నే దేశమందైనను వచ్చు నేరము లివియే.

చీట్లు వేసి యేర్పఱచిన సుమారు 500 మంది న్యాయసభ్యు లొక్క దినముననే విచారణ ముగించిరి. వారికి శాసనార్థమును బోధించు న్యాయాధిపతి లేఁడు. పైయధికారికి విన్నపము లేదు. భార్యాబిడ్డలను సభలో నిలిపి జాలి పుట్టించుట యచ్చటి వాడుక. ఆతఁ డందుల కొల్లఁడయ్యెను. సుమారు 30 మంది యభిప్రాయము మార్చుకొనియున్నచో విముక్తుఁడై యుండును. తగిన శిక్షను దానే సూచింపుమనఁగా, తనకుఁ దగినది ప్రజాధనముతో భోజనసత్కార మనియుఁ, దుదకు మిత్రుల పూచీపై 30 మీనాల వెండి జరిమానా యిత్తుననియుఁ జెప్పెను. సభ మరణదండననే విధించెను.

డీలోసునకుఁ బోయిన పవిత్రనౌక తిరిగివచ్చువఱకు నెవ్వరిని జంపరాదను నియమముచే నాతఁడు సుమారు నెలదినములు చెఱలోనుండెను. మిత్రుఁడగు క్రీటో ధనము వెచ్చించి తప్పించుటకు సర్వము సిద్ధపఱచెను. సోక్రటీసు నిరాకరించెను. డెబ్బదియేండ్లు తన్నుఁ గాపాడిన శాసనములను, అవి తనకుఁ బ్రతికూలించిన నాఁడు త్రోసిపుచ్చుట యన్యాయమని యాతని వాదము. నిరంకుశుల యాజ్ఞను మీఱినవాఁడు ఈ తీర్పునకేల లోఁబడెనని న్యాయవాదులు సంశయింతురు. ఆ యాజ్ఞ పరులకు హాని చేయుమన్నది. ఈ తీర్పు తన్ను హాని సహింపుమన్నది. అన్యాయము చేయుటకంటె ననుభవించుటయే మేలని నమ్మినవానికి రెండింటను మార్గ మొక్కటియే.

తుదిదినమున భార్య జాంతిపి పసివాని నెత్తుకొని యేడ్చుచుండఁగా నామె నింటికిఁ బంపి, మిత్రులతో నాత్మ యమరత్వమునుగూర్చి ప్రసంగించెను. జ్ఞానగోష్ఠియందు సహధర్మచారిణికిఁ జోటీయని నగరాచారమును ఆతఁడును దాఁటలేదు. ఈ లోపమును మనము కప్పిపుచ్చఁ బనిలేదు. సాయంకాలమున హెమ్లాకను విషరసమును శాంతముగాఁ ద్రాగి దేహము చాలించెను.

ఐదువందల యేండ్లు గడచినపిదప జస్టినను క్రైస్తవ పండితుఁడు, నగరదేవతలను గొలువనందున నాస్తికులని నిందింపఁబడుచున్న తన వారి పక్షమున రోము చక్రవర్తికి విజ్ఞాపనము వ్రాయుచు, వివేకము ననుసరించి జీవించిన సోక్రటీసు మొదలగువారును క్రైస్తవులే యని వాదించెను. క్రీ. శ. 165 ప్రాంతమున జస్టినును రోమునగరమున విచారింపఁబడి వధింపఁబడెను. సోక్రటీసునకు మన మే మతనామమును నీయ నక్కఱలేదు. పరమేశ్వరుఁడు సత్యము నే యొక్క జాతికిని గుత్తకిచ్చియుండలేదని తెలిసికొనినఁ జాలును. సభలో నొక రీతిని, గృహమున నొక రీతిని నడచుట విద్యావంతులకు సుకరము. ఈ మహనీయుఁడు సభలోను, చెఱలోను నొక్క రీతినే నడచెను. మనకుఁ గావలసినది యా నడవడియే.